ఫుప్పూ సందూఖ్‌లో కాగితం



ఈసారి తవారీఖ్ కోసం నేను ఏ లైబ్రరీకీ పోలేదు. అది మా ఫుప్పూ సందూఖ్‌లోనే దొరికింది.

బాన్సువాడకు కొద్ది దూరంలో, నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే ఊళ్లో ఫుప్పూ ససురాల్. డెబ్బై దాటిన మనిషి. ఒక జుమా రోజు నమాజ్ తర్వాత ఫోన్ చేసి, "బేటా, నువ్వు ఉర్దూ స్కూల్లో చదివినవ్, తెలుగుల డిగ్రీ చేసినవ్. నీకంటే ఎవరున్నరు మాకు? ఒక్కసారి వచ్చిపో" అంది. పోయాను. రేకు సందూఖ్ అడుగున, పాత షాల్‌లో చుట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. పసుపు రంగు, మడతల దగ్గర చిరుగులు, పైన సర్కారీ స్టాంపు. దాని పక్కనే కొత్త తెల్ల కాగితం. అది తెలుగు తర్జుమా. పట్నంలో ఒక దుకాణంలో పైసలు ఇచ్చి చేయించారు, కింద నోటరీ ముద్ర కూడా ఉంది.

పాత కాగితం ఒక తస్ఫియానామా. ఇద్దరు అన్నదమ్ముల మధ్య రాసుకున్నది. జమీన్ పట్టా పెద్దవాడి పేరు మీద ఉంటుంది, చిన్నవాడు షిక్మీదార్‌గా ఉంటాడు. ఆ చిన్నవాడు మా ఫుప్పా గారి దాదా. ఇప్పుడు ఆ జమీన్ మీద రెండు ఖాందాన్‌ల మధ్య తకరార్ నడుస్తోంది. తెల్ల కాగితం మీద ఆ చిన్నవాడిని ఏమని రాశారో చూసి నా చేతులు చల్లబడ్డాయి. "కౌలుదారు" అని రాశారు.

ఒక్క లఫ్జ్. ఆ ఒక్క లఫ్జ్‌తో హఖ్‌దార్ కాస్తా కిరాయిదార్ అయిపోయాడు. అవతలి వకీల్‌కు ఇంకేం కావాలి? "మీ కాగితమే చెప్తోంది కదా, మీవాళ్లు కౌలుకు చేసుకున్నారని" అన్నాడట.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. బాన్సువాడ, బోధన్, ఎల్లారెడ్డి, మెదక్, జహీరాబాద్, ఎక్కడ చూసినా మన ఇళ్లల్లో ఇలాంటి సందూఖ్‌లు ఉన్నాయి. వాటిలోని కాగితాలు ఉర్దూలో, దఫ్తర్‌లు తెలుగులో, పెద్ద కోర్టులు ఇంగ్లిష్‌లో. మధ్యలో ఒక ముతర్జిమ్. ఈ సంగతి ఎలా వచ్చిందో తెలుసుకుంటే, ఆ ముతర్జిమ్‌ను ఎలా ఎంచుకోవాలో కూడా తెలుస్తుంది.

*

హైదరాబాద్ రియాసత్‌లో మొదట దఫ్తర్ల జబాన్ ఫార్సీ. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాల దాకా ఫర్మానాలు, ఫైసలాలు అన్నీ ఫార్సీలోనే. 1880వ దశకంలో ఫార్సీ జాగాలోకి ఉర్దూ వచ్చింది. అంటే మన దాదాల దాదాలు కూడా ఒక జబాన్ మారడం చూశారు. నిన్నటి దాకా ఫార్సీ తెలిసినవాడికి ఉన్న ఇజ్జత్ తెల్లారేసరికి ఉర్దూ తెలిసినవాడికి పోయింది.

1317 ఫసలీలో, అంటే 1907లో, రియాసత్ భూమి శిస్తు చట్టం వచ్చింది. సవరణలతో అది ఇవాళ్టికీ తెలంగాణలో నడుస్తోంది. పట్టాదార్, షిక్మీదార్ లాంటి మాటలకు ఆ చట్టమే మానా ఖాయం చేసింది. ఆ తర్వాత 1923లో మంజీర మీద నిజాంసాగర్ పని మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీర్. కాలువ వచ్చాక మన ఇలాఖాలో మెట్ట తరి అయింది, వరి వచ్చింది, చెరకు వచ్చింది. 1937లో బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని వైపు భూములు కొన్నారు. నీళ్లు వస్తే భూమికి ఖీమత్ వస్తుంది, ఖీమత్ వస్తే కాగితాలు వస్తాయి. బైనామా, రెహన్‌నామా, ఇఖ్రార్‌నామా, హిబానామా, ముఖ్తార్‌నామా. కోర్టు, తహసీల్ దాకా పోతే అన్నీ ఉర్దూలోనే.

ఇక్కడ ఒక మాట సాఫ్‌గా ఒప్పుకోవాలి. రియాసత్‌లో ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు పదో వంతు. దాదాపు సగం మంది తెలుగువాళ్లు. తన పొలం కాగితంలో ఏం రాసి ఉందో తెలుసుకోవడానికి తెలుగు రైతు అర్జీనవీస్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడు చదివి చెప్పిందే నిజం. ఆ బాధ కూడా ఉంది కాబట్టే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి సదారత్‌లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు మాతృభాష సవాల్ అంత బలంగా వినిపించింది. ఆ రోజు వాళ్లు నిలబడ్డ జాగాలో ఇవాళ మా ఫుప్పూ నిలబడింది. జబాన్ మారింది, కౌంటర్ అవతల మనిషి మారాడు. కాగితం చదవలేని మనిషి బేబసీ మాత్రం మారలేదు.

1948 సెప్టెంబర్ తర్వాత హాలాత్ మారాయి. 1950లో కౌలుదారీ చట్టం, 1954-55లో ఖాస్రా పహాణీ, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. దఫ్తర్లు నెమ్మదిగా తెలుగు, ఇంగ్లిష్‌లోకి మారాయి. 2020లో ధరణి, 2025లో భూభారతి. రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కింది, కానీ తకరార్ వచ్చినప్పుడు అందరూ వెనక్కి తిరిగి ఆ పాత కాగితం దగ్గరికే పోతారు. సేత్వార్ ఏమంటోంది? ఫైసల్ పట్టీలో ఎవరి పేరుంది? ఖాస్రాలో ఖబ్జా కాలమ్‌లో ఏముంది? స్క్రీన్ తెలుగులో ఉన్నా దాని జడ ఉర్దూలోనే ఉంది.

*

ఇప్పుడు ఆ లఫ్జ్ దగ్గరికి వద్దాం.

"షికమ్" అంటే ఫార్సీలో కడుపు. చెరువు కడుపులోని భూమి "శిఖం" అయింది, మన ఊళ్లల్లో ఇప్పటికీ వాడతారు. అదే కడుపు లోంచి "షిక్మీ" వచ్చింది. ఒక పట్టా కడుపులో ఇంకొకరి హిస్సా ఉంటే ఆయన షిక్మీదార్. 1317 ఫసలీ చట్టం ప్రకారం షిక్మీదార్ అంటే పట్టాదార్ లాగే భూమి మీద హఖ్ ఉన్నవాడు, లేదా మొదటి నుంచీ పట్టాదార్‌తో కలిసి ఖబ్జాలో ఉన్నవాడు. అదే చట్టంలో ఇంకో మాట ఉంది, "ఆసామీ షిక్మీ". ఆయన కౌలుదారు. చూడండి, రెండు మాటలు పక్కపక్కనే. ఒకటి హిస్సాదార్, రెండోది కౌలుదార్. పట్నం ముతర్జిమ్ డిక్షనరీ తెరిచాడు, "షిక్మీ" ఎదురుగా కింది కౌలు అని కనిపించింది, రాసేశాడు. ఆయనకు ఉర్దూ వచ్చు. తెలుగు కూడా బాగానే వచ్చు. రానిది ఒక్కటే, దఫ్తర్ జబాన్.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. కాగితం మీద "బై" అని ఉంటే విక్రయం. కానీ "బై బిల్ వఫా" అని ఉంటే వేరే. పైసలు తిరిగి ఇచ్చిన రోజు భూమి వాపస్ ఇవ్వాలనే షర్తు మీద చేసిన అమ్మకం అది. అసలు సంగతి తాకట్టుకే దగ్గర. "విక్రయ పత్రం" అని ఒక్క మాటతో తేల్చేస్తే ఆ షర్తు గాలికి పోతుంది. అలాగే హిబా. దానం ఇస్తున్నానని చెప్పడం, తీసుకునేవాళ్లు ఖబూల్ చేయడం, ఖబ్జా అప్పగించడం, మూడూ ఉండాలి. హిబానామా చివర "ఖబ్జా దే దియా" అన్న చిన్న జుమ్లాను ఏదో రివాజ్ మాట అనుకుని వదిలేస్తే ఒక ఆడబిడ్డ హఖ్ మీద సవాల్ వస్తుంది. "ఖాబిజ్" అంటే స్వాధీనంలో ఉన్నవాడు, "మాలిక్" అంటే యజమాని, "ముతవల్లీ" అంటే వక్ఫ్ ఇంతిజామ్ చూసేవాడు. ముగ్గురినీ "యజమాని" అని రాసిన తర్జుమా కూడా నేను చూశాను.

తర్వాత తారీఖ్. ఫుప్పూ కాగితం మీద "అమర్దాద్ 1342 ఫసలీ" అని ఉంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం అని అందరూ చెప్తారు. అది సగం సచ్. మన రియాసత్‌లో ఫసలీ సాల్ ఆజర్ నెలతో, అంటే అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. డిసెంబర్ దాకా 590 కలపాలి, జనవరి నుంచి 591 కలపాలి. అమర్దాద్ జూన్‌లో వస్తుంది. కాబట్టి అది 1933. మావాళ్ల తర్జుమాలో 1932 అని ఉంది, అవతలి ఖాందాన్ చేయించుకున్న తర్జుమాలో 1933 అని ఉంది. అసల్ కాగితం ఒకటే, తారీఖ్‌లు రెండు. కాగితం నఖ్లీ అనడానికి ఇంతకంటే సాకు ఏం కావాలి? నికాహ్ కాగితాల మీద హిజ్రీ ఉంటుంది. అది చాంద్ లెక్క, ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. దానికి ఏ కూడికా పనిచేయదు, పాత తఖ్వీమ్ చూడాల్సిందే.

పైసల సంగతీ అంతే. పాత కాగితాల్లో రెండు రకాల రూపాయలు ఉంటాయి. ఒకటి నిజాం సర్కార్ హాలీ సిక్కా, రెండోది ఆంగ్లేయుల కల్దార్. హాలీ ఏడు రూపాయలు కల్దార్ ఆరు రూపాయలకు సమానం. "500 రూపాయలు" అని రాస్తే సరిపోదు, ఏ సిక్కా అన్నది రాయాలి. పైగా రకమ్‌లు చాలాసార్లు మామూలు అంకెల్లో ఉండవు. పాత మున్షీలు సియాఖ్‌లో, అంటే అంకెలకు బదులు అరబ్బీ మాటల్ని కుదించి గీసిన గుర్తుల్లో రాసేవాళ్లు. రాత షికస్తా. నుఖ్తాలు ఉండవు, లఫ్జ్‌లు ఒకదాన్ని ఒకటి పట్టుకుని పరుగెత్తుతాయి. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివిన నేను పుస్తకంలో అచ్చయిన నస్తాలీఖ్‌ను నీళ్లలా చదువుతాను. ఫుప్పూ కాగితం ముందు మాత్రం మొదటి గంట నాకు సగం లైన్లు కూడా రాలేదు. షరమ్‌తోనే చెప్తున్నాను.

*

మరి ముతర్జిమ్‌ను ఎలా ఎంచుకోవాలి? ఈ సవాల్‌కు జవాబు మన హైదరాబాద్ తవారీఖ్‌లోనే ఉంది.

1917లో ఉస్మానియా యూనివర్సిటీ కోసం ఫర్మాన్ వచ్చింది. హిసాబ్, సైన్స్, కానూన్, తవారీఖ్, అన్నీ ఉర్దూలో చెప్పాలి. కితాబ్‌లు ఎక్కడున్నాయి? అందుకే అదే ఏడాది దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ మొదటి నాజిమ్. 1919లో క్లాసులు మొదలయ్యాయి. ఉమ్రావ్ జాన్ అదా రాసిన మీర్జా హాదీ రుస్వా అక్కడ ముతర్జిమ్‌గా పనిచేశారు. జోష్ మలీహాబాదీ పనిచేశారు. అబ్దుల్ మాజిద్ దరియాబాదీ, నజ్మ్ తబాతబాయీ, ఇలా ఎందరో.

పేర్లు కాదు, అక్కడి తరీఖా చూడండి. పెద్ద పెద్ద షాయర్లు ఉన్నారు కదా అని ఒక్కరి చేతిలో కితాబ్ పెట్టి వదిలేయలేదు. ముందు ఇస్తిలాహాత్, అంటే ఆ ఇల్మ్‌కు సంబంధించిన పారిభాషిక పదాలు ఖాయం చేయడానికి మజ్లిస్‌లు ఉండేవి. జబాన్ తెలిసినవాళ్లు, ఆ ఫన్ తెలిసినవాళ్లు కలిసి కూర్చుని ఒక్కో లఫ్జ్ మీద బహస్ చేసేవాళ్లు. వహీదుద్దీన్ సలీమ్ అయితే పదాలు ఎలా తయారుచేయాలన్న దాని మీదే 1921లో "వజ్-ఎ-ఇస్తిలాహాత్" అనే కితాబ్ తెచ్చారు. తర్జుమా పూర్తయ్యాక దాన్ని చూడడానికి నాజిర్ ఉండేవాడు. జోష్ అక్కడ నాజిర్-ఎ-అదబీగా ఉన్నారు. అంటే ఒకరు రాయాలి, ఇంకొకరు చూడాలి, ఫన్ తెలిసినవాళ్లు లఫ్జ్ ఖాయం చేయాలి. మూడు చేతులు.

ఇది ఇంకా పాత తరీఖా. తొమ్మిదో శతాబ్దం బగ్దాద్‌లో యూనానీ తిబ్బీ కితాబ్‌లు అరబ్బీలోకి తెచ్చిన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ ఒక క్రైస్తవుడు. ఒక్క ప్రతి దొరకగానే కలం పట్టేవాడు కాదు. వీలైనన్ని ప్రతులు పోగుచేసి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, పాఠం తేలాక తర్జుమా చేసేవాడు. ఆయన మజ్‌హబ్ ఏమిటని బగ్దాద్ అడగలేదు, పని తెలుసా అని అడిగింది. "ఉర్దూ కాగితం కదా, మనవాడికే ఇద్దాం" అనుకునే మనం ఇది గుర్తుపెట్టుకోవాలి. మన మండలాల్లో షికస్తా చదివే పాత పట్వారీ ఖాందాన్ హిందూ పెద్దలు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. అప్పట్లో ఉర్దూ ఏ ఒక్క మజ్‌హబ్‌దీ కాదు, అది దఫ్తర్‌ది.

*

ఫుప్పూ విషయంలో నేను చేసింది కూడా అదే. మా ఊరి ఉర్దూ స్కూల్లో నాకు చదువు చెప్పిన ఉస్తాద్ ఒకాయన రిటైరై ఇంట్లో ఉన్నారు. కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన భూతద్దం పెట్టి ఒక్కో లైన్ చదివారు. నేను ముందు ఉర్దూలోనే సాఫ్ నస్తాలీఖ్‌లో రాసుకున్నాను, తర్వాత తెలుగు చేశాను. రెవెన్యూలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దఫ్తర్ మాటలు చూశారు. "షిక్మీదార్" దగ్గర ఆయన ఒక సలహా ఇచ్చారు. "ఆ మాటను తెలుగు చెయ్యకు. షిక్మీదార్ అనే ఉంచు. చట్టంలో ఉన్న మాట అది. దాని అర్థం చెప్పడం వకీల్ పని, కోర్టు పని." బంగారం లాంటి మాట. ముతర్జిమ్‌కు ఏం రాయాలో తెలిస్తే చాలదు, ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి.

మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెప్తాను.

అసల్ కాగితం ఎవరి చేతికీ వదిలి రావొద్దు. మంచి రంగుల స్కాన్ ఇవ్వండి, వెనక వైపు కూడా. స్టాంపు, ముద్ర, హాషియాలో రాసిన చిన్న రాతలు, అన్నీ తర్జుమాలో రావాలి. చదవడానికి రాని జాగాలో "చదవలేకపోయాం" అని రాసే ముతర్జిమ్ దొరికితే ఆయన్ను వదలకండి. అన్నీ చదివేశానని చెప్పేవాడి దగ్గరే ఖత్రా. "పేజీకి ఎంత?" అని అడిగే ముందు, "ఫసలీ తారీఖ్ ఎలా మారుస్తారు? షిక్మీదార్ అంటే ఏమిటి? రకమ్ చదువుతారా?" అని అడగండి. అయిదు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. ముందు ఉర్దూలో సాఫ్ నఖల్ రాసి, తర్వాత తెలుగు చేయమనండి. అప్పుడు గలతీ చదవడంలో వచ్చిందా, తర్జుమాలో వచ్చిందా తెలుస్తుంది. అయ్యాక ఇంకొకరికి చూపించండి. ఆ రెండో కన్నుకు అయ్యే ఖర్చు కోర్టు తారీఖుల ఖర్చు కంటే ఎప్పుడూ తక్కువే.

నోటరీ ముద్ర చూసి మోసపోవద్దు. ఆ ముద్ర సంతకానికి, చేసిన ప్రమాణానికి సాక్ష్యం. "తర్జుమా సరైనదే" అని నోటరీ చెప్పడం లేదు, ఆయనకు ఉర్దూ రాకపోవచ్చు కూడా. రిజిస్ట్రేషన్ కోసమైతే 1908 చట్టం 19వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రార్‌కు తెలియని, జిల్లాలో మామూలుగా వాడని భాషలో దస్తావేజు ఉంటే, జిల్లాలో వాడే భాషలోకి సరైన తర్జుమా, ఒక నిజమైన నఖల్ జత చేయాలి. 2017లో ఉర్దూ తెలంగాణ మొత్తానికి రెండో అధికార భాష అయింది. కాబట్టి ఉర్దూ కాగితం చూసి దఫ్తర్లో ఎవరైనా మొహం తిప్పుకుంటే భయపడి వెనక్కి రాకండి. అడగండి, అది మీ హఖ్.

గల్ఫ్‌కు పోయే పిల్లల విషయంలో సంగతి వేరు. నికాహ్ సియాహానామాను ఎవరి చేతో తర్జుమా చేయించే ముందు, వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం ఇచ్చే ఇంగ్లిష్ మ్యారేజ్ సర్టిఫికెట్ గురించి అడగండి. చాలాసార్లు దానితోనే పని అయిపోతుంది. దుబాయ్ కోర్టులో పెట్టే కాగితానికి అక్కడి న్యాయ మంత్రిత్వ శాఖ లైసెన్స్ ఉన్న ముతర్జిమ్ చేసిన అరబ్బీ తర్జుమా కావాలి. ఇక్కడ మన బజార్లో చేయిస్తే పైసలు రెండుసార్లు కట్టినట్టే. ఇంకొకటి, పేర్లు. షేక్, షైక్, శైక్. మహ్మద్, మొహమ్మద్, ముహమ్మద్. తర్జుమా చేసేవాడికి ముందే పాస్‌పోర్ట్ నఖల్ ఇచ్చి, అందులో ఉన్న స్పెల్లింగే రాయమనండి. ఒక్క అక్షరం తేడాతో బీవీ వీసా ఆగిపోయిన ఇల్లు నాకు తెలుసు.

ఫోన్‌లో ఫోటో తీసి తర్జుమా చేసుకోవచ్చు కదా అని మా భాంజా అడిగాడు. అచ్చు ఉర్దూకైతే మతలబ్ తెలుసుకోవడానికి పనికొస్తుంది. షికస్తా కాగితం పెట్టి చూశాం. అది చాలా ధైర్యంగా, లేని మాటలు కూడా చెప్పింది. తెలియదని చెప్పడం దానికి రాదు.

*

ఫుప్పూ కేసు ఇంకా నడుస్తోంది. కొత్త తర్జుమా, సాఫ్ నఖల్, తారీఖ్ లెక్క అన్నీ దాఖలు చేశారు. ఫైసలా ఎటు వస్తుందో అల్లాహ్‌కే ఎరుక. కానీ ఇప్పుడు కనీసం కాగితం తన మాట తాను చెప్తోంది. మధ్యలో ఇంకొకరి మాట లేదు.

ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరా బఖరాలో 282వది. అది నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకొమ్మని, రాసే కాతిబ్ ఇన్సాఫ్‌తో రాయాలని చెప్పే ఆయత్. ముతర్జిమ్ కూడా ఒక కాతిబే. ఆయన చేతిలో ఉన్నది మన పేజీ కాదు, మన అమానత్. ఆ అమానత్ ఎవరికి ఇస్తున్నామో చూసుకోవాల్సిన జిమ్మేదారీ మనది.

వాపస్ వచ్చేటప్పుడు ఫుప్పూ అడిగింది, "నీ పిల్లలకు ఉర్దూ వస్తదా బేటా?" అని. చిన్నవాడు ఇంగ్లిష్ మీడియం, తెలుగు సెకండ్ లాంగ్వేజ్. ఖురాన్ చదువుతాడు కాబట్టి హరఫ్‌లు తెలుసు, లఫ్జ్‌లు తెలియవు. నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు ఇతవారం పొద్దున వాణ్ని ఆ ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోతున్నాను. వాడి పక్కన నేను కూడా కూర్చుంటున్నాను, షికస్తా నేర్చుకోవడానికి. మీ సందూఖ్ కూడా ఒకసారి తెరవండి. చదవగలిగిన పెద్దవాళ్లు హయాత్‌గా ఉండగానే తెరవండి.

ఖుదా హాఫిజ్.